లెక్కకు రాని ఓదార్పు

"తడి తువ్వాలు మళ్లీ కుర్చీ మీదే పడేశావా?"

"నీ ఉద్యోగం పోయినప్పటినుంచి నీకు నా తువ్వాలు తప్ప ఇంకేమీ కనిపించడం లేదక్కా."

అక్క అన్నం వడ్డించి ఎదురుగా కూర్చుంది. తమ్ముడు తల వంచుకుని అన్నం కలుపుతున్నాడు.

"కాల్ సెంటర్‌కి ఫోన్ చేసి ఒకావిడ ఏడ్చిందిరా. తేరుకునేదాకా మాట్లాడకుండా లైన్లో ఉన్నాను. కంప్యూటర్ దాన్ని బద్ధకం కింద లెక్కేసి నన్ను తీసేయించింది. ఆ ప్రోగ్రామ్ రాసిన మహానుభావుడికి అక్కాచెల్లెళ్లు లేరేమో."

"ఒక అక్క ఉంది. ఇప్పుడే అన్నం వడ్డించింది."

అక్క చేతిలోని గరిటె కింద పెట్టింది.

"నేను ఆఫీసులో గంటసేపు గోడ చూస్తూ కూర్చుంటే ఆలోచిస్తున్నాడంటారు. మీ కాల్ సెంటర్ వాళ్లు కాసేపు మాట్లాడకపోతే పని ఎగ్గొట్టినట్టేనని రాసింది నేనే. రేపు ఉద్యోగం మానేస్తున్నానక్కా."

ఆమె లేచి తడి తువ్వాలు తీసి తీగ మీద ఆరేసింది.

"నువ్వు మానేసినా ఆ ప్రోగ్రామ్ ఆగదు కదరా."