నిప్పుల చట్టి

కోర్టు నుంచి వచ్చి, రాజపాళయం బస్టాండులో అక్కా తమ్ముడూ సేత్తూరు బస్సు కోసం నిలబడ్డారు. మిల్లు యంత్రంలో నలిగి చచ్చుబడిన అతని కుడిచేతికి ఇన్సూరెన్సు రాదని తీర్పు వచ్చింది.

"అంతా నావల్లనే రా. నీ చేయి బాగవ్వాలని మారియమ్మకు మొక్కి, నీచేత నిప్పుల చట్టి ఎత్తించినాను."

"దాన్ని విడు అక్కా."

"తిరునాళ్లలో నువ్వు చట్టి ఎత్తినప్పుడు ఎవరో తీసిన వీడియో చూపించి, చట్టి మోసిన చేతికి ఏం రోగమని కంపెనీ వక్కీలు నవ్వినాడే!"

"చట్టిని చేతికి గుడ్డతో కట్టినామని మన వక్కీలూ చెప్పినాడు కదా."

"ఎవరు నమ్మినారు? మారియమ్మ నీ చేయి తిరిగి ఇచ్చిందని నేనే ఊరంతా చెప్పుకొన్నాను. నిజం చెప్పు, ఆ రోజు కొంచెమైనా వేడి తెలిసిందా?"

అతను కుడిచేతికి ఎప్పుడూ చుట్టుకొనే తుండుగుడ్డ విప్పి, అరచేయి చూపించాడు.

"అయ్యో, ఇంత కాలిందా! చేతిలో ఉసురు లేదనేదానికి ఈ సాక్ష్యం ఒకటే చాలునే! వక్కీలుకు ఎందుకు చూపించలేదు రా?"

"ఆయనకు చూపిస్తే నీకూ తెలిసిపోతుంది. ఊరంతా అంత సంతోషంగా చెప్పుకొంటా ఉన్నావు. ఎట్లా చూపించేది అక్కా?"