నాలుకకి అతుక్కునే రాయి

సాయంత్రం, వాన. కొండను నిలువునా కోసి వేసిన రోడ్డు పక్క ఇల్లు. భార్య చంకలో ఇంకా బోర్లా పడడం కూడా రాని పాప. భర్త రాళ్ల బలం పరీక్షించే షెడ్డు నుంచి అప్పుడే వచ్చాడు.

“...చెప్పులు విప్పకండి. అలాగే పోదాం.”

“ఎక్కడికే, ఈ వానలో?”

“మా అమ్మ దగ్గరికి. సంచి సర్దేశాను.”

“మళ్లీ మొదలుపెట్టావా! ఆ కొండరాయిని నేనే నొక్కి చూశానని చెప్పానా లేదా? మిషన్ మూలిగింది గానీ రాయి మూలగలేదు.”

“ఎండిన రాయా, తడి రాయా?”

“ముందు టీ పెట్టు.”

“ఎండిందా, తడిదా అంటున్నాను.”

“తడివి కోస్తుంటేనే ముక్కలైపోతున్నాయి. ఆరబెట్టి కోశాం. అందరూ చేసేదే.”

“మరి ఆ ముక్కలైనవి?”

“ముక్కల్ని ఎలా నొక్కుతారే, పిచ్చిమొహమా?”

“అంటే గట్టివి ఏరుకుని, కొండంతా గట్టిదన్నారు.”

“పదో తరగతి మధ్యలో మానేసి, నాకు పాఠం చెబుతున్నావా?”

“నా పాఠం కాదండీ. బావగారిది.”

“అన్నయ్య ఊసెత్తకు.”

“ఎత్తుతాను. ఏ రాయి దొరికినా రెండుగా విరిచి, సగం తన నాలుక మీద పెట్టుకుని, సగం పక్కవాళ్ల చేతిలో పెట్టేవారు. ‘పళ్ల కింద గరగరమంటే ఇసుక, నిలబడుతుంది. నాలుకకి అతుక్కుంటే బంకమట్టి, నమ్మకు’ అనేవారు.”

“పెళ్లిరోజు నీ చేతిలోనూ పెట్టాడు.”

“నవ్వకండి.”

“నవ్వట్లేదే. కింది మలుపులో కొండ జారినప్పుడు... మట్టిలోంచి శవాన్ని తీసేసరికి కూడా వాడి గుప్పిట్లో సగం రాయి ఉంది. రెండో సగం ఎవరికివ్వాలనుకున్నాడో.”

“ఇది చూడండి.”

“గ్లాసులో బురదేంటి?”

“బురద కాదు, రాయి. నీళ్లలో వేయగానే బుసబుసమని గాలి వదిలింది. అన్నం ఉడికేలోపు ఇలా అయింది.”

“ఏదీ, ఇలా ఇవ్వు.”

“ఇదిగో. ఇప్పుడు చెప్పండి.”

“అది సముద్రం అడుగున పేరుకున్న బురదేనే. పైన కొండంత బరువు పడి, కోట్ల ఏళ్లు నలిగి రాయయింది. రోడ్డు కోసం మేం ఆ బరువు దించేశాం. ఇక పగుళ్లు విచ్చుకుంటాయి. నీళ్లు తాగుతుంది. ఉబ్బుతుంది.”

“ఇదంతా తెలిసే, కొండకి ఆనుకున్న వెనక గదిలో ఉయ్యాల కట్టారా?”

“రాయి లోపల సున్నం సిమెంటులా పట్టి ఉంటుందిలే, నిలుస్తుందిలే అనుకున్నాను. అనుకున్నానే తప్ప...”

“ఆ గోడ అవతల మధ్యాహ్నం నుంచీ టక్ టక్‌మంటోంది. అచ్చం బావగారి సుత్తిలాగే.”

“రాయి పగిలే చప్పుడది. రాయే. ఇంకేం కాదు. సంచి ఇలా ఇవ్వు. పాప తల కప్పు. పక్కిళ్ల తలుపులు కూడా కొట్టాలి.”

“పదండి, పదండి.”

“అయినా ఆ రాయి కోసం వానలో పిల్లనెత్తుకుని కొండ దగ్గరికి ఎందుకెళ్లావే? కాలు జారితే?”

“నేను గడప దాటలేదండీ. కిటికీ కూడా మూసే ఉంది. ఏడుస్తోందని ఉయ్యాల్లోంచి తీస్తే... దీని గుప్పిట్లో ఉంది. అప్పుడే విరిచిన సగం.”