అమ్మమ్మ కూతురు

1998 నవంబరులో సమాధుల పండుగకి రూతమ్మ అల్లుడు తన రెండో భార్య తబితనీ, నాలుగేళ్ల పాపనీ వెంటబెట్టుకుని కొవ్వూరు వచ్చాడు. అతను పూలకోసం బజారుకి వెళ్లాక, వంటింట్లో తబిత మెల్లగా మాట కదిపింది.

“ఒక్క మాటండి. పాప నన్నే కన్నతల్లి అనుకుంటోంది.”

“పుట్టిన నెలకే తల్లి పోయింది. దానికేం తెలుస్తుందమ్మా?”

“సమాధి ఎవరిదని అడిగితే, పెద్దమ్మదని చెప్పండి. కాస్త పెద్దయ్యాక నిజం మేమే చెబుతాం.”

“అల్లుడుగారు అడగమన్నారా?”

“ఆయనకి మీ మొహం చూసి అడిగే ధైర్యం లేదండి.”

“కన్నపిల్లని ఒక్కసారైనా తనివితీరా ఎత్తుకోలేదు నా కూతురు. ఇప్పుడు పెద్దమ్మని చెయ్యమంటావా?”

“పాప బెంగపెట్టుకుంటుందనండి. నేను పక్కన లేకపోతే నిద్ర కూడా పోదు.”

“ఏడవకు. బాగానే చూసుకుంటున్నావు. అలాగే చెబుతాలే.”

సాయంత్రం సున్నం వేసిన సమాధి మీద రూతమ్మ కొవ్వొత్తి వెలిగిస్తుంటే, పాప ఆమె చీర పట్టుకు లాగింది.

“ఇది ఎవరిది అమ్మమ్మా?”

పెద్దమ్మ అన్న మాట రూతమ్మ నోట రాలేదు.

“నా కూతురిది తల్లీ.”

“నీ కూతురంటే మా అమ్మే కదా!”

తబిత బిత్తరపోయింది. రూతమ్మ ఆమె చెయ్యి పట్టుకుంది.

“అవునమ్మా. మీ అమ్మే.”