సన్నేసి నూరిన పింగాణీ పళ్ళెం

సన్నేసి అని దొరగారి బంగళాలో వంటోడంట. ఆ కొలువు సూసే కదా ఆడి మావ పిల్లనిత్తానన్నాడు! "కొలువుంటేనే అల్లుడివిరా" అని మొహమ్మీదే సెప్పేసాడు కూడాను. పెళ్ళి ఇంక ఎనిమిది రోజులుందనుకో. అప్పుడేటైందంటే, కడుగుతుంటే సేతిలోంచి పింగాణీ పళ్ళెం జారి రెండు సెక్కలైపోయింది. ఏ పళ్ళెం? దొరసానమ్మ పుట్టింటోళ్ళిచ్చిన పళ్ళెం! పుట్టింటి సెంబు సొట్టపడితేనే మీరు మూడ్రోజులు అన్నం మానేత్తారు, మరావిడ ఊరుకుంటాదేటి? నవ్వకండర్రా, ఆడి పేనం ఆడికుంది.

అప్పుడాడికి ఓ సంగతి గుర్తొచ్చిందంట. ఆ ముందువారం దొర సెయ్యి తగిలి లాంతరు సిమ్నీ కిందపడి పొడిపొడైపోతే, దొర "ఇస్మిదరీన్సు!" అన్నాడు, దొరసానమ్మ పకపకా నవ్వింది. ఆ మాటకి అర్థమేటని తోటమాలి పోలయ్యనడిగితే, "ముక్కకీ ముక్కకీ సుట్టరికం లేకుండా పగలడంరా అబ్బీ. ఇంక అతుకుతాదన్న ఆశే ఉండదు, అందుకే నవ్వేసి ఊరుకుంటారు. రెండు ముక్కలైతేనే ఏడుపు" అన్నాడంట. ఇంకేటి, మనోడు ఆ రెండు సెక్కలూ రోట్లో ఏసాడు. దంచాడు, దంచాడు, సెమటలు కారిపోయేలాగ దంచాడు. ఏ పనైనా సుబ్బరంగా సేత్తాడు కదా, జల్లెడ కూడా పట్టాడంట! మిగిలిన నూక మళ్ళీ దంచి, మొత్తం సేటలో పోసుకుని ఎల్లి, "అమ్మా, తమరి పళ్ళెం ఇస్మిదరీన్సు" అని నవ్వుమొహం పెట్టుకుని నిలబడ్డాడు.

ఆవిడ నవ్వితేనా! సేటలో సెయ్యి పెట్టి సూసుకుని ఒకటే ఏడుపు. ఎలా పగిలిందిరా అంటే, ఈ ఎర్రిబాగులోడు ఉన్నదున్నట్టు సెప్పేసాడు. రెండే సెక్కలైతే అతికించుకుందును కదరా అని ఆవిడ, కొలువు లేదు పో అని దొర. సన్నేసి కళ్ళముందు మావ మొహం కనపడింది, పెళ్ళికూతురు కనపడింది. "దొరా, ఒక్క మాట. పళ్ళెమంటే ఇస్మిదరీన్సే, ఒప్పుకుంటాను. నా కొలువు మాత్రం ఇంకా రెండు ముక్కలే. తమరొక ముక్క, నానొక ముక్క. దయుంచి దీన్ని దంచీకండి బాబూ" అని బోరుమన్నాడంట. దొరసానమ్మ ఏడుపు మజ్జిలోనే ఫక్కుమంది. ఏడుత్తూ నవ్వుతూ, "పో, పోయి అన్నం వండు. రోలు మాత్రం కడుగు" అందంట.

అలాగ పెళ్ళయిపోయింది. ఇప్పుటికీ ఆ ఊళ్ళో మొగుడూ పెళ్ళాం దెబ్బలాడుకుని తగువుకొత్తే, పెద్దలు ముందడిగేది "రెండు ముక్కలా, ఇస్మిదరీన్సా?" అనే. మా ఇంట్లో పొద్దుటికి రెండు ముక్కలం, కూర ఉడికేసరికి అతుక్కుంటాం. కూర బాగోపోతే మాత్రం నాను సెప్పలేను తల్లీ.