ఒక్క పైసా పోలే

పుణెలో మా బాబు ఫోన్‌లో చక్రం తిప్పే ఆట ఒకటి పట్టుకున్నాడు. నాకు మనసు కుదుటపడక, నాచారం వచ్చినప్పుడు పెద్దమ్మను అడిగాను: "పైసల్లేవు, ఉత్త పాయింట్లే అంటున్నాడు పెద్దమ్మా. ఆడనివ్వాలా, వద్దా?" ఆమె చిక్కుడుకాయలు తుంపుతూ చెప్పింది. చెప్పింది చెప్పినట్టే రాసుకున్నాను.

పైసల్లేవు అన్నడా? అగో, గదే మాట. గా మాట ఇంటె నా నెత్తి గిర్రున తిరుగుతది బిడ్డా. మీ పెద్దబాపు గూడ గట్లనే అన్నడు, "ఒక్క పైసా పోలే" అని. ఇప్పటికీ అంటడు. లోపల కూసున్నడు, ఇంటుండు. ఇననీ.

నీకెరుకే గదా, ఆయన పేక పత్తాలు ముట్టిన మనిషి గాదు. మల్లాపూర్ల ఫిట్టర్ పని జేసినన్నొద్దులు, దీపావళి వచ్చిందంటె ఫ్యాక్టరీలోళ్లంత దుప్పటి పరిచి మూడు ముక్కలాట ఆడుతుండె. ఈయన వాళ్లకు చాయ్ అందిస్తుండె. గప్పుడు క్యాంటీన్ల చాయ్ అర్ధ రూపాయి... కాదు కాదు, పావలా. మా కవిత పుట్టినంక అర్ధ రూపాయి అయింది. సరే, చాయ్ ముచ్చట ఎందుకు గాని. "రావయ్యా, ఓ ఆట కూసో" అని పిలిస్తె, "పైసలు పెట్టి ఆడేది ఏదైనా జూదమే, నాకొద్దు" అంటుండె. మా ఆడబిడ్డ మొగడైతె "సన్యాసి బావ" అని ఎక్కిరించేటోడు. నాకైతె మస్తు గర్వముండె.

గా నియమమే మా కొంప ముంచింది సూడు. రిటైరైనంక అల్లుడు తన పాత ఫోన్ ఇచ్చిండు. పార్కుల కూసునే దోస్తు ఒకాయన దాంట్ల గదే మూడు ముక్కలాట ఎక్కించిండు. "పైసల్లేవన్నా, ఉత్త చిప్సులే" అన్నడట. నేను నిజంగ ఆలుగడ్డ చిప్సులే అనుకున్న! కాదట, రంగు బిళ్లలట, ఫోన్లనే ఉంటయట. పొద్దుగాల తెరవంగనే ఊరికెనే గన్ని ఇస్తదట. గీ కాలంల ఊరికెనే ఎవలిస్తరు బిడ్డా? కూరగాయలాయన కొత్తిమీర గూడ ఇస్తలేడు.

మొదట్ల టైంపాస్ అన్నడు. నేను గూడ ఏమనలే. పొద్దంత సీరియల్ సూసేదాన్ని, నేనేం జెప్పాలె? ఇగ నడిచింది. లేవంగనే దేవునికి దండం లేదు, ఫోన్‌కు దండం. "బోనస్ తీసుకోవాలె" అంటడు. అన్నం పెడితె, "ఆగు, టేబుల్ మీదున్న" అంటడు. ఏం టేబులయ్యా, మనింట్ల ఉన్నదే ఒక్క టేబులు, దాని మీద కుక్కర్ ఉంది! గెలిస్తె గా ఫోన్ పెండ్లిబాజా తీరు మోగుతది. ఓడితె నా మీద కస్సుమంటడు. "పోయినయి ఉత్త బిళ్లలే అయితె గంత మంటెందుకు?" అంటె మళ్ల ఫోన్లనే తలకాయ పెడ్తడు.

ఇగ మా మనవరాలు చిన్ని ముచ్చట. మా కవిత, అల్లుడు ఇద్దరు పొద్దున నౌకరీలకు పోతె చీకటి పడ్డంకనే వస్తరు. చిన్ని రెండో తరగతి. మధ్యాహ్నం స్కూల్ బస్సు మెయిన్ రోడ్డు మీద దించుతది. తీస్కొచ్చుడు తాత పని. నాకు మోకాళ్ల నొప్పులు, రోజు మెట్లు దిగరాదు. గా రోడ్డు మీద లారీలు ఎట్ల పోతయో నువ్వే సూసినవ్. తాత, మనవరాలు లేటుగనే వస్తుండిరి. ఒక్కోసారి పిల్ల చేతిల చాక్లెట్ ఉంటుండె. బస్సు లేటు అంటుండె ఈయన. నమ్మిన. ఆయన మాట నేనెన్నడు నమ్మకుండ ఉన్న గనుక?

మొన్న వానలల్ల ఒకనాడు ఉప్పల్ దవాఖానాకు పోయి ఆటోల వస్తున్న. చిన్ని బస్సు పిల్లల్ని దించి నా ఎదురుంగనే పొయ్యింది. ఇంటికొచ్చి సూస్తె ఈయన సోఫాల ఉన్నడు.

"చిన్నేది?"

"బస్సింక రాలే."

"పొయ్యింది! నా కండ్లతోని సూసిన!"

"ఒక్క నిమిషం ఆగు, ఇప్పుడు లేస్తె అన్ని పోతయి" అన్నడు.

ఏం పోతయి బిడ్డా? బిళ్లలు! నేను మోకాళ్లు మర్సిపోయిన, గొడుగు మర్సిపోయిన. ఉరికిన. బస్సు ఆగే కాడ పిల్ల లేదు. నా పానం పానంల లేదు. "చిన్నీ" అని మొత్తుకుంటె, పక్కన జిరాక్స్ దుకాణంలకెల్లి "అమ్మమ్మా" అన్నది. చిన్న ప్లాస్టిక్ స్టూల్ మీద కూసొని హోంవర్క్ రాస్తుంది.

జిరాక్స్ పిలగాడు నవ్వుతుండు: "ఫికర్ జెయ్యకు పెద్దమ్మా, రోజు ఈడనే కూసుంటది గదా. గా స్టూల్ ఆమెదే, గిరాకీలను గూడ కూసోనియ్యదు."

రోజా? పిల్లనడిగితె ఏమన్నది ఎరుకేనా? "తాత ఆట అయిపోయినంక వస్తడు అమ్మమ్మా. గెలిస్తె చాక్లెట్. ఓడితె సప్పుడు చెయ్యొద్దు."

గప్పుడొచ్చిండు ఈయన తడుసుకుంట, ఒక కాలికి ఆయన చెప్పు, ఇంకో కాలికి నాది. చేతిల ఫోన్ మాత్రం విడువలే. ఇంటికొచ్చినంక నేను లొల్లి పెడితె, "ఇంట్లకెల్లి ఒక్క పైసా తీసిన్నా? ఒక్క పైసా పోలే" అన్నడు. నేనన్న, "పైసలు పోతె ఎరుకైతుండె. బ్యాంకోళ్లు ఫోన్ జేస్తుండె, ఎవడో ఒకడు బాకీకని తలుపుకాడికి వస్తుండె. గీ పిల్ల గాడ కూసున్నది ఎవలొచ్చి చెప్తరు?"

ఆట తీసేసిండు. తీసేసినంక దుప్పటి మీద వేలుతోని గీకుతుండె, గిట్ల, గిట్ల, ముక్కలు జరిపినట్టు. వారం తిరగకముందే మళ్ల ఎక్కించుకొని బాత్రూంల దొరికిండు! గీ వయసుల నేను బాత్రూం తలుపు కొట్టుడేంది, సిగ్గుపోయె. ఇప్పుడు బటన్ ఫోనే.

అందుకే జెప్తున్న, పైసలున్నయా లేవా అని బాబును అడగకు. ఆట మధ్యల అన్నానికి పిలువు. లేస్తడా లేడా సూడు. లేవకపోతె... ఏందయ్యా, గప్పుడే చెప్పులేసుకున్నవ్? చిన్ని బస్సుకింక మస్తు టైమున్నది.

సూసినవా? ఇప్పుడు బస్సు కంటె ముందే పోయి నిలబడ్తడు. నిలబడి ఏం లాభం? చిన్ని బస్సు దిగంగనే ఈయన దిక్కు సూడనే సూడదు. సక్కగ పోయి గా స్టూల్ మీదనే కూసుంటది. అలవాటైంది. ఈయన గొడుగు పట్టుకొని దుకాణం ముందట నిలబడి, "నేనొచ్చిన బిడ్డా, లే" అంటడు. "ఆట అయిపోయిందా తాతా?" అని అడిగి లేస్తది.

నీ పిల్లలు సల్లగుండాలె బిడ్డా. వాళ్లకోసమని ఎవ్వల దుకాణంల స్టూల్ పడకుండ ఉండాలె... అయ్యో, గొడుగు ఈడనే మర్సిండు సూడు. ఓ అయ్యా! జర ఆగు...