మొదటి ధూపం ఎవరిది

వెలుగు బుద్ధుడి పుట్టినరోజు. చువాన్‌చౌ దగ్గర కొండ మీదున్న రాతి గుడి మెట్ల కింద మా వీధి తోడికోడళ్లు, పెద్దది ఖిమ్, చిన్నది సూయిన్.

“కిందే కూర్చున్నావేంటక్కా? పైన ఈ ఏడు మొదటి ధూపం ఎవరిదో స్వామినడిగి జోడు చెక్కలు వేసేశారు.”

“మోకాళ్ల నొప్పులే. ఇంతకీ సూయిన్, స్వామి ఏమన్నాడు?”

“చెప్తాగా. కాసిని నీళ్లివ్వు.”

“కాదన్నాడా, రెండు చెక్కలూ బోర్లా పడ్డాయా? పడే ఉంటాయి. వరసగా మూడేళ్లు నీ పేరుకే ఔనన్నాడు. స్వామికి మాత్రం విసుగు రాదూ?”

“బోర్లా పడలేదు.”

“అయితే రెండూ వెల్లకిలా. నవ్వి ఊరుకున్నాడన్నమాట. ఇంటి నుంచి ఇచ్చేది ఒక్క పేరేనాయె, అత్తయ్య నోట నీ పేరు తప్ప రాదు. చదువుకున్నోళ్లొచ్చి చెప్పలా, మానీ అనే ఈ స్వామికి లోకంలో మిగిలింది ఈ గుడేనని? అందులో ఏడాదంతా మొదటి ధూపం నీదే! ఇరవై రెండేళ్లుగా ఈ ఇంట్లో ఉన్న నేను బూడిద ఎత్తాలి.”

“ఒకటి బోర్లా, ఒకటి వెల్లకిలా పడ్డాయక్కా. ఔనన్నాడు. వరసగా తొమ్మిదిసార్లు.”

“ఏంటీ?”

“తొమ్మిది. ఊళ్లో ఎవరికీ ఇన్ని పడలేదట, మొదటి ధూపం మనింటికే.”

“అబద్ధం.”

“ఒట్టు.”

“పడవే! ఎలా పడతాయి? ఎలా పడతాయంటా? నైవేద్యం పెట్టలేదా?”

“పెట్టాను. మనింట్లో తాబేలు ఆకారంలో చేసే ఎర్ర పిండివంటలే.”

“పొద్దున పొయ్యి మీదున్నవా?”

“అవే. ముఖం అలా పాలిపోయిందేంటి?”

“ఎండకి.”

“నీడలో కూర్చుని ఎండేంటక్కా?”

“ఊళ్లో దేవుళ్లంతా పంది మాంసం తినేవాళ్లే. ఈయనొక్కడే వెల్లుల్లి కూడా ముట్టడు... నువ్వు పూలకెళ్లినప్పుడు... పిండిలో ఓ చెంచాడు... చెంచాడేనే...”

“ఏం చెంచాడు?”

“పంది కొవ్వు.”

“అక్కా!”

“ఒప్పుకోడనుకున్నా. ఒక్కసారి, ఒక్కటంటే ఒక్కసారి నిన్ను కాదంటే చాలనుకున్నా. ఎవరికీ చెప్పకే, నీ కాళ్లు పట్టుకుంటా.”

“నన్ను కాదనాలనా?”

“మరి ఇంకెవర్నే?”

“పోయినేడు వంటింట్లో నువ్వేడవడం విన్నాను. నెల్లాళ్లు అత్తయ్య వెంట పడ్డాను. లే అక్కా, పైన అందరూ నీకోసమే చూస్తున్నారు. ఆ తొమ్మిదీ నీ పేరు మీదే పడ్డాయి.”