ట్యాంకు మూత సరిహద్దు

మాచర్లలో శౌరి మెకానిక్కు షెడ్డు. ముందు ఫోర్కు వంగిపోయిన ఎనభై ఆరో సంవత్సరపు రాజ్‌దూత్‌కి ఒక పక్క అన్న నాగభూషణరావు, ఇంకో పక్క తమ్ముడు త్రికోటేశ్వరరావు. పదకొండేళ్ళుగా ఇద్దరికీ మాటల్లేవు. ఆ మాటలు అటూ ఇటూ మోసే ఖర్మ ఇవాళ శౌరికి పట్టింది.

“బెండు తీయిస్తే చాలంటావా, మొత్తం మార్చాలంటావా? అదొక్కటి తేల్చు శౌరీ. ప్రతి శనివారం పోవాల మేము, ఈ శనివారానికి బండి రోడ్డెక్కాల.”

“తేలుస్తా పెద్ద బాబాయ్, చూడనీ ముందు. ఎడమ రాడ్డు వంగింది. కుడిది వంగి, మళ్ళీ మెలి కూడా తిరిగింది. ఏంది, కొండని గుద్దారా?”

“నందిని.”

“ఏ నంది?”

“దుర్గిలో చెక్కి రోడ్డు పక్కన పెట్టారే, రాతి నంది. దాన్ని.”

“అయ్యో. దానికేమన్నా అయిందా?”

“దానికేమైద్ది? చెవి కూడా చెదరలా.”

“అంత నంది కనపళ్ళేదా చిన్న బాబాయ్?”

“నన్నడగబాకు. చూసే పని ఆయనది. ముందు సగం ఆయనది గదా.”

“ముందు సగమేంది?”

“నీకు తెలవదా? పంపకాల్లో నాన్న బండి కూడా పంచారు. ట్యాంకు మూత కాడ హద్దు. మూతకి ముందున్నదంతా ఆయనది, ఎనకున్నదంతా నాది. ఊరి పెద్దమనిషి వెంకట్రామయ్య గారు స్టాంపు కాగితం మీద రాశారు. సాక్షి సంతకాలు కూడా ఉన్నయ్.”

“బండిని పంచారా!”

“మరేం చేస్తారు శౌరీ? బర్రెలు నాలుగు, చెరి రెండు. బావి ఒకటి, వారం నాది వారం వాడిది. బండి ఒకటే. వాడు తగ్గడు, నేను తగ్గను. పెద్దమనుషులకి అన్నాల టైమయింది. గీత గీసి లేచిపోయారు.”

“ఆ మూత ఎవరిది మరి?”

“మూత ఉమ్మడి. ఇద్దరం ఉంటేనే తీయాల, ఇద్దరం ఉంటేనే పెట్రోలు పొయ్యాల. నువ్వు కూడా దాని మీద చెయ్యెయ్యబాకు, వాడు ఒప్పుకోడు.”

“వెయ్యన్లే పెద్ద బాబాయ్. అవునూ, మూతకి ఎనకంతా చిన్న బాబాయ్‌దయితే నువ్వు కూచునే సీటు కూడా ఆయనదే గదా?”

“వాడిదే. కూచోటానికి నాకు దారి హక్కు రాశారు. గేర్ల మీద కాలు పెట్టటానికి కూడా విడిగా రాశారు.”

“బ్రేకుకో?”

“చేతి బ్రేకు నాదే. అది నాన్న ఉన్నప్పుడే పోయింది.”

“నేనడిగేది కాలి బ్రేకు.”

“అది నాది శౌరీ. గేర్లు రాశారు, బ్రేకు రాయటం మర్చిపోయారు. కాగితంలో లేనిది ఆయనెట్టా తొక్కుతాడు?”

“మరి పదకొండేళ్ళుగా ఈ బండి ఎట్టా ఆగుతుంది చిన్న బాబాయ్!”

“ఆయన దగ్గుతాడు. నేను ఎనక నించి కాలు చాపి తొక్కుతా.”

“దగ్గుతాడా?”

“మాటల్లేవు గదా మరి.”

“అయితే ఆ రోజు దగ్గలేదా పెద్ద బాబాయ్?”

“దగ్గలేదా! ఊరి పొలిమేర కాడ నించి దగ్గుతానే ఉన్నా. జలుబు చేసింది శౌరీ.”

“నేను చెప్పేదీ అదే. ఊరు దాటేలోపు ఇరవై సార్లు దగ్గాడు, ఇరవై సార్లు తొక్కా. ఎనకొచ్చే మిరపకాయల ఆటోవోడు తిట్టి పోయాడు. ఇంక కాలు లాగేసింది, తొక్కబుద్ది కాలా. అప్పుడే నంది ఎదురొచ్చింది.”

“నంది ఎదురు రాలేదని చెప్పు వాడికి. మేమే పోయాం.”

“చిన్న బాబాయ్, నంది ఎదురు—”

“ఇనపడ్డది. నాకు చెవుడు లేదని చెప్పు ఆయనకి.”

“నేనెవరికీ ఏం చెప్పను! ఫోర్కు సంగతి వినండి. బెండు తీయించాలంటే నరసరావుపేట పంపి ప్రెస్సులో పెట్టించాల. కానీ మెలి తిరిగిన ఇనుము, ఎప్పుడు విరుగుద్దో దానికే తెలవదు. విరిగితే ఇద్దరికీ పళ్ళు మిగలవు.”

“అయితే మార్చు.”

“ఈ మోడలుకి ఇప్పుడెక్కడ దొరుకుద్ది పెద్ద బాబాయ్? ఇంకో బండిది ఒకటుంది నా కాడ. గట్టి ఫోర్కు. కాకపోతే రెండంగుళాలు పొడుగు. ముందు కొంచెం లేస్తది, అంతే.”

“నేనొప్పుకోను.”

“నీ సగం కాదు గదా చిన్న బాబాయ్!”

“ముందు ఎత్తు లేస్తే ఎనక పల్లమైద్ది. వాన కురిస్తే ఆయన సగంలో నీళ్ళన్నీ నా సగంలోకి వస్తయ్. పొలంలో ఇట్టాగే గట్టు లేపి నా పత్తి ముంచాడు.”

“బండి మీద పత్తి లేదు గదా!”

“పత్తి లేకపోతే? నేను లేనా?”

“శౌరీ, వాడి పత్తి మునిగింది తుపానుకి. నా గట్టుకి కాదు. ఆ ఏడు జిల్లాలో అందరి పత్తీ మునిగింది.”

“అందరిదీ తుపానుకి మునిగింది. నాది ఆయన గట్టుకి మునిగింది.”

“ఈ గట్టు కాడేనా మాటలు మానుకుంది?”

“నువ్వు ఫోర్కు సంగతి చూడు శౌరీ.”

“సరే, అడగన్లే. పోనీ లేతు మిషను కాడ ఫోర్కు రెండంగుళాలు కోయిస్తా.”

“కోస్తే నా వాటా తగ్గిద్ది. కాగితంలో ‘ముందు ఫోర్కు పూర్తిగా’ అని ఉంది.”

“అది పాత ఫోర్కు పెద్ద బాబాయ్, ఇది వేరేది!”

“ఏదయినా పూర్తిగానే.”

“దేవుడా. అయితే ఎనక షాకబ్జార్లు కూడా రెండంగుళాలు లేపుతా. అప్పుడు ముందూ ఎనకా ఒకటే ఎత్తు. నీళ్ళు అటూ పోవు, ఇటూ రావు. సరేనా చిన్న బాబాయ్?”

“లెవలు గొట్టం పెట్టి చూపిస్తావా?”

“చూపిస్తా. మేస్త్రీని పిలిపిస్తా. మీకు కాలు నేలకానదు, అది వేరే సంగతి.”

“ఆనకపోతే పోనీ. ఆయనకి కూడా ఆనదు గదా?”

“ఆనదు.”

“అయితే సరే.”

“పెద్ద బాబాయ్?”

“వాడికి సరే అయితే నాకూ సరే. కానీ శనివారానికి ఇచ్చెయ్యాల.”

“హమ్మయ్య. ఇద్దరూ ఆ మూత పట్టుకోండి, ట్యాంకు పైకి లేపుతా. మెల్లిగా... అరెరే.”

“ఏంది?”

“ఏంది శౌరీ?”

“బండి మెడ పగిలింది. ఫోర్కు తిరిగే చోట మొదలై, ట్యాంకు కింద కడ్డీ పొడుగునా పోయింది పగులు. జానెడు పైనే ఉంది.”

“మూత దాటిందా?”

“దాటింది చిన్న బాబాయ్.”

“చూశావా! ఆయన పగులు కూడా నా హద్దులోకి వచ్చింది!”

“పగులు వాడి కాడ పుట్టి నా వైపొచ్చిందని చెప్పు శౌరీ. బ్రేకు తొక్కంది వాడు.”

“ఇద్దరూ ఆపండి! ఇదింక బండి కాదు. నేను వెల్డింగు పెట్టినా నెల ఆగదు. దీన్ని పాత ఇనుముకి వేసెయ్యండి. మంచి బండ్లు రెండు నేనే చూసిపెడతా, చెరొకటి తీసుకోండి. ఎవరి బ్రేకు వాళ్ళది, ఎవరి దగ్గు వాళ్ళది. గొడవే ఉండదు.”

“వెల్డింగు పెట్టు.”

“విరుగుద్దంటున్నా చిన్న బాబాయ్!”

“మెల్లిగా పోతాంలే. ఆయన్ని మెల్లిగా తోలమను.”

“తోలతానని చెప్పు. పెట్టు శౌరీ, వెల్డింగే పెట్టు.”

“మీకేమన్నా మతి పోయిందా? అసలు ప్రతి శనివారం ఎక్కడికి పోయేది? నీకేం పని చిన్న బాబాయ్?”

“నాకేం పని లేదు. నా సగాన్ని ఆయన తోలుకుపోతుంటే కాపలా పోవద్దా?”

“పెద్ద బాబాయ్, మరి నీకు?”

“ఏముంది, మాచర్ల వస్తాం. బస్టాండు కాడ టీ తాగుతాం. పోతాం.”

“టీ కోసమా! ఈ తుప్పు మీద, ఈ దగ్గుల మధ్య, టీ కోసమా! అందుకేగా చెరొక బండి చూస్తానంటున్నా.”

“నాకొద్దు. ఇంట్లో ఉంది.”

“ఏముంది చిన్న బాబాయ్?”

“కొత్త బండి. మా అబ్బాయి శ్రీకాంత్ కొనిచ్చి మూడేళ్ళయింది. దాని మీద దుప్పటి కప్పి పెట్టా.”

“నయం. అయితే పెద్ద బాబాయ్‌కి ఒక్కటి చూస్తే సరిపోయిద్ది.”

“నాకూ ఉంది. వాడికంటే నెల ముందే కొన్నా.”

“ఇంటికొక కొత్త బండి పెట్టుకుని నా ప్రాణం తీస్తున్నారా! పోనీ విడివిడిగా పోబుద్ది కాదు, సరే. నీ కొత్త బండే ఉంది గదా పెద్ద బాబాయ్, ఎనక చిన్న బాబాయ్‌ని ఎక్కించుకుని రాకూడదా?”

“దానికి పంపకాల కాగితం లేదు గదా శౌరీ. ఏ హక్కుతో ఎక్కమంటా వాణ్ణి?”